అంకెను దిద్దేముందు కారణం వెతుకు

సారం, పుదుచ్చేరి,
కార్తీక పౌర్ణమి.

చిరంజీవి అమ్మడికి మావయ్య దీవించి రాసేది.

 

గ్యాసు టెర్మినల్లో నీకు అనలైజర్ల పని అప్పగించారని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నీకు ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఫోనులో చెప్తే సరిపోదా అంటావేమో. ఈ పనిలో కొన్ని మాటలు ఒకసారి విని వదిలేసేవి కావు. రాత్రి షిఫ్టులో ఏదో తేడా వచ్చినప్పుడు మళ్ళీ తీసి చదువుకోవాల్సినవి. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

యానాంలో పుట్టినవాళ్ళం చదువుకోసమో ఉద్యోగంకోసమో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దాటి పుదుచ్చేరి రావడం మనకు కొత్త కాదు. నేనూ అలాగే వచ్చాను. కావేరి బేసిన్‌లో కొన్నాళ్ళు, గోదావరి జిల్లాల్లో కొన్నాళ్ళు పనిచేసి చివరికి ఈ సారంలో స్థిరపడ్డాను. నీకు ఇంటి పక్కనే పని దొరికింది. 2009 ఏప్రిల్లో సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం గ్యాసు గాడిమొగ దగ్గర ఒడ్డెక్కింది. అక్కడినుంచి భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను పోతోంది. ఇటు మల్లవరం, అటు ఓడలరేవు, తాటిపాక గ్యాసు కేంద్రాలు. మన గోదావరి పాయల మధ్య పొలాల కింద ఎక్కడ చూసినా గ్యాసు లైనే. అందులో పోయేది ఎలాంటి గ్యాసో చెప్పే పని ఇప్పుడు నీ చేతిలో ఉంది. చిన్న పని కాదు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట, ఈ ఉత్తరంలో ఇది తప్ప ఇంకేదీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. అనలైజర్ చూపించిన అంకె నీకు నచ్చకపోతే దాన్ని దిద్దడానికి చెయ్యి చాపకు. ఆ అంకె అలా ఎందుకొచ్చిందో ముందు వెతుకు. మిషన్లు చాలా అరుదుగా తప్పు చెప్తాయి. వాటి దగ్గరికి మనం తెచ్చిపెట్టే గ్యాసే ఎక్కువసార్లు తప్పుగా ఉంటుంది.

ఎందుకంటావా? ఆ జీసీ, అంటే గ్యాస్ క్రోమటోగ్రాఫ్, ఏం చేస్తుందో చూడు. నాలుగు నిమిషాలకోసారి ఒక మిల్లీలీటరు కూడా లేని గ్యాసును తీసుకుంటుంది. రోజుకు 10 లక్షల ఘనపు మీటర్లు పోయే లైనైతే ఆ నాలుగు నిమిషాల్లో దాదాపు 2,800 ఘనపు మీటర్లు దాటిపోతుంది. అంత గ్యాసు తరఫున ఆ రవ్వంత గ్యాసు సాక్ష్యం చెప్పాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా. ఆ మెతుకు అదే గిన్నెలోది అయి ఉండాలి, గరిటె అడుగున నిన్నటినుంచి అంటుకున్నది కాకూడదు. జీసీ నడిపేవాడి పనిలో ముప్పాతిక వంతు ఆ మెతుకును జాగ్రత్తగా తేవడమే.

ఆ అంకె ఎక్కడిదాకా పోతుందో కూడా తెలుసుకో. గ్యాసును ఘనపు మీటర్లలో కొలిచినా డబ్బు మాత్రం వేడికి కడతారు, ఎంఎంబీటీయూ లెక్కన. ఒక ఎంఎంబీటీయూ అంటే 2,52,000 కిలో కేలరీలు. మీథేన్ ఒక ఘనపు మీటరు కాలిస్తే సుమారు 9,000 కిలో కేలరీలు వస్తే, అదే కొలత ఈథేన్‌కు 15,800, ప్రొపేన్‌కు 22,400 వస్తాయి. అందుకే ప్రొపేన్, బ్యూటేన్‌ల దగ్గర చిన్న తప్పు జరిగినా కెలోరిఫిక్ విలువ, అంటే ఘనపు మీటరుకు వచ్చే వేడి, కదిలిపోతుంది. రోజుకు 10 లక్షల ఘనపు మీటర్లు, ఒక్కోదానికి 9,500 కిలో కేలరీలు అనుకో. రోజుకు 950 కోట్ల కిలో కేలరీలు, అంటే దాదాపు 37,700 ఎంఎంబీటీయూలు. అందులో నూటికి ఒక వంతు తేడా వస్తే 377. పాత క్షేత్రాల గ్యాసుకు 2023 ఏప్రిల్లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 6.5 డాలర్లతో హెచ్చవేస్తే రోజుకు రెండున్నర వేల డాలర్ల దాకా అవుతుంది. అమ్మేవాడో కొనేవాడో, ఎవరో ఒకరు తన తప్పు లేకుండా ఆ డబ్బు పోగొట్టుకుంటారు. నీ గదిలోకి ఎన్నడూ అడుగు పెట్టని మనుషులు నీ అంకెను నమ్మి బిల్లు కడుతున్నారు.

డబ్బొక్కటే కాదు. కారైకాల్ దగ్గర టి.ఆర్.పట్టినంలో మన పుదుచ్చేరి ప్రభుత్వానిదే 32.5 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం ఉంది. అలాంటి చోట గ్యాసులో ఉన్నట్టుండి బరువైన భాగాలు పెరిగినా, కార్బన్ డయాక్సైడ్ పెరిగినా టర్బైన్‌లో మంట తీరు మారుతుంది. బర్నర్‌కు ఆ గ్యాసు సరిపడుతుందో లేదో చెప్పేది వాబీ సూచీ. కెలోరిఫిక్ విలువను సాపేక్ష సాంద్రత వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. దానికి కావలసిన రెండు అంకెలూ నీ జీసీ ఇచ్చే కంపోజిషన్‌నుంచే పుడతాయి.

ఇక నగరం అనే ఊరి సంగతి. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు లైను పగిలి మంటలు లేచినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. తాటిపాకనుంచి కొండపల్లి వైపు పోయే 18 అంగుళాల లైను అది. 20 మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. ఇళ్ళలో నిద్రపోతున్నవాళ్ళలో కొందరు లేవనేలేదు. పొడి గ్యాసుకోసం వేసిన లైనులో నీరూ కండెన్సేటూ కలిసిన తడి గ్యాసు పోయిందని, నీటిని తీసే డీహైడ్రేషన్ యూనిట్ లేదని, లోపలినుంచి తుప్పు తినేసి పైపు గోడ పలచబడిందని విచారణలో తేలింది. నీరు విడిగా ఉంటే కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం పైపు అడుగును ఏళ్ళ తరబడి కొరుకుతుంది, పైకి ఏమీ కనబడదు. కనబడేది ఎక్కడంటే మాయిశ్చర్ అనలైజర్ తెరమీద. అది ఎక్కువ చూపిస్తే చూసినవాడు పట్టించుకోవాలి, పైవాడికి చెప్పాలి, వినకపోతే మళ్ళీ చెప్పాలి. ఆ అనలైజర్ ముందు నిలబడ్డప్పుడల్లా నగరం పేరు తలుచుకో. భయపడమని కాదు, ఆ పని ఎవరికోసం చేస్తున్నావో మరచిపోకూడదని.

ఇప్పుడు పనిలోకి వద్దాం. లైనునుంచి జీసీ దాకా గ్యాసు నడిచే దారిలో నువ్వూ నడువు. మొదటి వారం తెరమీద ఒక్క బటను నొక్కకపోయినా ఫరవాలేదు, ఆ దారి మాత్రం నీకు కంఠతా రావాలి. శాంపిల్ తీసే ప్రోబ్ పైపు మధ్య మూడో వంతులో ఉందో లేదో డ్రాయింగు తీసి చూడు. గోడకు ఆనుకుని ఉంటే అక్కడ జారే ద్రవం శాంపిల్లోకి వస్తుంది. తరువాత రెగ్యులేటర్. పీడనం తగ్గినప్పుడు గ్యాసు చల్లబడుతుంది, ప్రతి బార్‌కూ సుమారు అర డిగ్రీ. 70 బార్లనుంచి 2 బార్లకు దించితే 34 డిగ్రీలు పోయినట్టే. మన ఊళ్ళో ఎండ మాడిపోతున్నా ఆ రెగ్యులేటర్ లోపల మంచు పట్టేంత చలి ఉంటుంది. ఆ చలిలో బ్యూటేన్, పెంటేన్, ఆపై బరువైనవి ద్రవమై గోడలకు అంటుకుంటాయి. జీసీకి చేరేది వాటిని పోగొట్టుకున్న గ్యాసు. అందుకే రెగ్యులేటర్‌కు వేడి, శాంపిల్ లైనుకు హీట్ ట్రేసింగ్, పైన ఇన్సులేషన్. లైను ఉష్ణోగ్రత ఆ గ్యాసు హైడ్రోకార్బన్ డ్యూ పాయింటు (బరువైన భాగాలు ద్రవం కావడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే 15, 20 డిగ్రీలైనా పైన ఉండాలి.

ఇది చెడిందని ఎలా తెలుస్తుందో చెప్తాను. కెలోరిఫిక్ విలువను ఇరవై నాలుగు గంటల ట్రెండుగా తీసి చూడు. తెల్లవారుజామున కిందికి దిగి, ఎండ ఎక్కేకొద్దీ పెరిగి, సాయంత్రం మళ్ళీ దిగుతూ రోజూ అదే ఆకారం వస్తోందనుకో. బావుల్లో గ్యాసుకు పగలూ రాత్రీ తెలియవు. ఆ ఊపు నీ శాంపిల్ లైనుది. రాత్రి చలికి ద్రవమై ఆగినవి పగటి వేడికి ఆవిరై కొట్టుకొస్తున్నాయి. ట్రేసింగ్ ప్యానెల్ మీద పచ్చలైటు వెలుగుతోందని సరిపెట్టుకోకు. క్లాంప్ మీటరు పెట్టి కేబులులో కరెంటు పారుతోందో లేదో చూడు. లైటు వెలిగేది బ్రేకర్ ఆన్‌లో ఉందని మాత్రమే, లోపల తీగ తెగినా అది వెలుగుతూనే ఉంటుంది.

ఫిల్టరు, కోలెసరు, మెంబ్రేను ఎప్పుడు మార్చారో ట్యాగు కట్టు. కంప్రెసర్ నూనె, డీహైడ్రేషన్ యూనిట్‌నుంచి కొట్టుకొచ్చే గ్లైకాల్, ఈ రెండూ అనలైజర్‌కు శత్రువులు. ఫిల్టరు విప్పినప్పుడు లోపల జిగట కనబడితే కడిగేసి ఊరుకోకు. ఆ రోజే ప్రాసెస్ వాళ్ళకు చెప్పు. ఆ జిగట నీ ఫిల్టరులోకి వచ్చిందంటే మెయిన్ లైనులోకి ఇంకెంతో పోతోందన్నమాట.

మన తీరంలో ఇంకో బెడద ఉప్పుగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కదా ఏమవుతుందిలే అనుకుంటారు. ప్లాస్టిక్ క్లాంపులు ట్యూబింగును పట్టుకున్న చోట ఉప్పూ తేమా చేరి, బయటికి కనబడకుండా సన్నటి గుంటలు పడతాయి. ఏడాదికోసారైనా క్లాంపులు విప్పి కిందంతా తుడిచి చూడు. ఎర్రటి మచ్చ కనబడితే ఆ ముక్క మార్పించు.

జీసీ లోపలి సంగతి. గ్యాసును కాలమ్ అనే గొట్టంలోంచి పంపి ఒక్కో భాగాన్ని విడదీయవచ్చని మార్టిన్, జేమ్స్ అనే ఇద్దరు ఇంగ్లండులో 1952లో చూపించారు. ఏడు దశాబ్దాలు దాటినా మూలం అదే. హీలియం ఆ రవ్వంత గ్యాసును కాలమ్‌లోకి తోసుకెళ్తుంది. ఒక్కో భాగం ఒక్కో వేళకు బయటికొచ్చి డిటెక్టరు దాటుతుంది. హీలియం వేడిని నైట్రోజన్ కంటే ఐదారు రెట్లు బాగా మోసుకుపోతుంది కాబట్టి దానిలో వేరే గ్యాసు కలిసిన క్షణం వేడెక్కిన తీగకు తేడా తెలుస్తుంది. చాలా మోడళ్ళలో ముందు హెక్సేనూ ఆపైవీ వెనక్కి మళ్ళి గ్రాఫులో ఒక్క పీకుగా వస్తాయి, తరువాత ప్రొపేన్, బ్యూటేన్‌లు, పెంటేన్‌లు, ఆ తరువాత నైట్రోజన్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్, ఈథేన్. నీ మిషను వరస నీకు నోటికి రావాలి. క్రోమటోగ్రామ్ బాగున్న రోజున ఒకటి ప్రింటు తీసి అనలైజర్ షెల్టరు తలుపు లోపల అంటించు. తేడా వచ్చిన రోజున దాని పక్కన పెట్టి చూస్తే, ఏ పీకు ఆలస్యంగా వచ్చింది, ఏది తోక లాగుతోంది, ఎక్కడ బేస్‌లైను వంగింది అన్నది నీ కళ్ళే చెప్తాయి. రిపోర్టులోని అంకెలు అది చెప్పవు.

హీలియం సిలిండరు పీడనం షిఫ్టుకోసారి రాసిపెట్టు. రోజూ ఒకేలా తగ్గుతున్నది ఉన్నట్టుండి గబగబా తగ్గితే ఎక్కడో లీకు. మన దేశానికి హీలియం దాదాపు అంతా బయటినుంచి రావాల్సిందే, తెప్పించడం ఖరీదే కాదు, ఆలస్యం కూడా. సిలిండరు మార్చినప్పుడు రెగ్యులేటర్లో మిగిలిన గాలిని నింపడం, వదలడం అయిదారుసార్లు చేసి పూర్తిగా తరిమెయ్యి. ఆ కాసింత గాలి డిటెక్టరు తీగను తినేస్తుంది.

ఏ భాగం ఎంతుందో చెప్పే సర్టిఫికెట్‌తో వచ్చే కాలిబ్రేషన్ సిలిండరు మార్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. ఏ స్టేషనో నీకు అక్కర్లేదు. ఒక సాయంత్రం కాలిబ్రేషన్ సిలిండరు మార్చారు, రెగ్యులేటర్ సరిగ్గా పర్జ్ చెయ్యలేదు, అంటే లోపలి గాలిని తరిమెయ్యలేదు. అర్ధరాత్రి జీసీ దానంతటదే కాలిబ్రేట్ చేసుకుంది. మర్నాటినుంచి గ్యాసులో నైట్రోజన్ తగ్గినట్టు, కెలోరిఫిక్ విలువ కొంచెం పెరిగినట్టు చూపించింది. కొనేవాళ్ళు అభ్యంతరం చెప్పారు. కొందరు బావుల్లోనే గ్యాసు మారిందన్నారు, కొందరు కాలమ్ పాడైందన్నారు. జరిగింది ఇది. రెగ్యులేటర్లో ఉన్న గాలి కాలిబ్రేషన్ గ్యాసులో కలిసింది. ఆ కాలమ్‌లో గాలిలోని ఆక్సిజనూ నైట్రోజనూ ఒకే పీకుగా వస్తాయి కాబట్టి నైట్రోజన్ పీకు పెద్దదైంది. సర్టిఫికెట్లో ఉన్న నైట్రోజన్ ఇంతే కదా, మరి పీకు ఇంత పెద్దదా అని మిషను తన లెక్కను సవరించుకుంది. ఆ సవరించిన లెక్కతో అసలు గ్యాసును చూస్తే నైట్రోజన్ తక్కువ కనబడింది. ఆ లెక్కకు మిషను వాడే రెస్పాన్స్ ఫాక్టర్ల పాత, కొత్త రిపోర్టులు పక్కపక్కన పెట్టగానే విషయం బయటపడింది. హైడ్రోకార్బన్లన్నీ ఒకే పాళ్ళలో పిసరంత కదిలాయి, నైట్రోజన్ ఒక్కటి మాత్రం పెద్ద గెంతు వేసింది. బావిలో గ్యాసు మారితే ఫాక్టర్లు అలా కదలవు.

అందుకే చెప్తున్నాను, కాలిబ్రేషన్ అంటే సరిచెయ్యడమని నమ్మకు. తప్పు గ్యాసుతో కాలిబ్రేట్ చేస్తే తప్పుకు ముద్ర వేసినట్టే. ముందు కాలిబ్రేషన్ గ్యాసును మామూలు శాంపిల్‌లాగా నడిపి, ఉన్నదున్నట్టు ఎంత చూపిస్తోందో రాసుకో. సర్టిఫికెట్‌తో పోల్చు. తేడా ఉంటే ఎందుకో వెతుకు. ఆ తరువాతే కాలిబ్రేట్ చెయ్యి. చేశాక మళ్ళీ నడిపి, వదిలేటప్పుడు ఎంత ఉందో రాయి. ఫాక్టర్ల తేడాకు పెట్టిన హద్దును ఎవరైనా విసుగొచ్చి ఆఫ్ చేసి ఉంటే తిరిగి ఆన్ చేయించు. ఆ హద్దు ఉండి ఉంటే పై సంఘటన అర్ధరాత్రే అలారంతో ఆగిపోయేది.

ఇంకొక కిటుకు. రిపోర్టులో మొత్తం ఎప్పుడూ సరిగ్గా 100 ఉంటుంది, ఎందుకంటే మిషనే అన్నిటినీ సర్ది 100 చేస్తుంది. దాని పక్కనే సర్దకముందు మొత్తం ఉంటుంది. అది 98, 102 మధ్యలో ఉండాలని వాడుక. నువ్వు హద్దులతో ఆగకు. నీ మిషనుకు రోజూ 99.8 వచ్చేది ఈ రోజు 99.1 అయితే, హద్దులోనే ఉన్నా ఏదో జరిగింది. శాంపిల్ పీడనమో, వాతావరణ పీడనంతో సమం కావాల్సిన వెంటు మూసుకుపోవడమో, వాల్వు లీకో. మంచి జీసీకి ఒకే గ్యాసును మళ్ళీ మళ్ళీ ఇస్తే కెలోరిఫిక్ విలువ వెయ్యికి ఒక వంతు కూడా కదలదు. అంత నమ్మకమైన పనివాడు మాట మార్చాడంటే విని తీరాలి.

కాలిబ్రేషన్ సిలిండరును చల్లటి చోట పెట్టకు. షెల్టరు ఏసీ గాలి నేరుగా తగిలే మూల అసలే వద్దు. లోపలి బరువైన భాగాలు ద్రవమైతే సర్టిఫికెట్లో రాసినదీ సిలిండరులోంచి వచ్చేదీ ఒకటి కావు. గడువు తేదీ, కనీస పీడనం రెండూ చూడు. గడువు దాటిన సిలిండరు నిండా ఉన్నా సరే, పక్కన పెట్టు.

మాయిశ్చర్ అనలైజర్ విషయం వేరుగా చెప్పాలి. చాలా ఒప్పందాల్లో హద్దు ఘనపు మీటరుకు 112 మిల్లీగ్రాములు. అమెరికా వాళ్ళ పాత లెక్కలో పది లక్షల ఘనపుటడుగులకు 7 పౌండ్లు. ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. లోపల పీడనం ఎక్కువ కదా, బయటి తేమ లోపలికెలా వస్తుంది అనుకుంటారు. వస్తుంది. మన తీరంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలో నీటి ఆవిరి పీడనం 34 మిల్లీబార్లు. 6 బార్ల గ్యాసులో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు నీరున్నా దాని పీడనం 0.6 మిల్లీబార్లే. బయట యాభై రెట్లు ఎక్కువ. గ్యాసు బయటికి కారుతున్న రంధ్రంలోంచే తేమ లోపలికి పాకుతుంది. రబ్బరు, ప్లాస్టిక్ గొట్టాల గోడల్లోంచి కూడా వస్తుంది. కాబట్టి స్టీలు ట్యూబింగు తప్ప వేరేది ముట్టనివ్వకు. కొత్తగా వేసిన లైను గోడలు ఆరడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజంతా. అంతవరకు అంకెను నమ్మకు. అలాగని ఎక్కువ చూపించినప్పుడల్లా లైను తడిసిందిలే అని కొట్టిపారెయ్యకు. శాంపిల్ ప్రవాహాన్ని పెంచి చూడు. అంకె తగ్గితే తేమ నీ ట్యూబింగులో చేరుతోంది. కదలకుండా నిలబడితే తేమ గ్యాసులోనే ఉంది, ఆ క్షణమే కంట్రోల్ రూముకు చెప్పు.

ట్యూబింగును కలిపే ఫెర్రూల్ ఫిట్టింగులు నువ్వే బిగించు. పావు అంగుళం ట్యూబింగుకు వేళ్ళతో బిగిసేదాకా తిప్పి, ఆపైన స్పానరుతో ఒకటింబావు చుట్టు. జీసీ లోపలి సన్నటి ట్యూబింగుకు ముప్పావు చుట్టు చాలు. ఎక్కువ బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకునేవాళ్ళే ఎక్కువ లీకులు చేస్తారు. ఆడపిల్లవి, నువ్వు రాసుకో, స్పానరు మేం చూసుకుంటాం అని ఎవరైనా అంటారు, ప్రేమగానే అంటారు. ఇవ్వకు. చేత్తో బిగించనివాళ్ళకు లీకు ఎక్కడుంటుందో ఎన్నటికీ తెలియదు.

ప్రాణం సంగతి. పెద్ద లైనుల్లో పోయే గ్యాసుకు మన వంటగ్యాసులాంటి వాసన ఉండదు, వాసన మందు కలిపేది ఊళ్ళలోకి పంచేటప్పుడే. నీ ముక్కును నమ్మకు, డిటెక్టరును నమ్ము. గాలిలో మీథేన్ 5 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. షెల్టరులోకి అడుగు పెట్టేముందు ఫ్యాను తిరుగుతోందో లేదో, బయట ఉన్న ఆక్సిజన్ మీటరు 19.5 కంటే పైన ఉందో లేదో చూడు. హీలియం, నైట్రోజన్ విషాలు కావు, కానీ మూసిన గదిలో ఊపిరిని తోసేస్తాయి. ఆ మనిషికి దగ్గు కూడా రాదు, కళ్ళు తిరిగి పడిపోతాడంతే. ఎవరైనా లోపల పడిపోయి ఉంటే ఒంటరిగా పరిగెత్తకు, అలారం కొట్టి సాయం పిలిచి, శ్వాస పరికరం తొడుక్కున్నవాళ్ళనే వెళ్ళనియ్యి. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె తెరిచేముందు కరెంటు తీసి తాళం వెయ్యి. మూసేటప్పుడు బోల్టులన్నీ పెట్టు. ఎనిమిదింటిలో ఒకటి లేకపోయినా అది ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె కాదు, మామూలు ఇనప డబ్బా. పర్మిట్ లేకుండా స్పానరు పట్టకు, ఎంత చిన్న పనైనా, ఎవరు తొందరపెట్టినా.

తొందరపెట్టేవాళ్ళు ఉంటారు. నెలాఖరున జీసీ ఆగితే, నిన్నటి అంకె పెట్టేసెయ్ అంటారు. మరమ్మతు సమయంలో పాత విలువ వాడుకోవచ్చని ఒప్పందాల్లో ఉంటుంది, అది తప్పేమీ కాదు. కానీ ఎప్పుడు పెట్టావు, ఎందుకు పెట్టావు, ఎప్పుడు తీసేశావు అన్నది లాగ్‌బుక్కులో నిమిషాలతో సహా రాయి. నోటిమాట మీద ఏ అంకెనూ మార్చకు. ‘సార్, కారణం రాసి సంతకం పెట్టండి, వెంటనే మారుస్తాను’ అని గౌరవంగా చెప్పు. నిజంగా అవసరమైతే సంతకం పెడతారు, కాకపోతే అడగడం మానేస్తారు. రెండిట్లో ఏది జరిగినా నీకు మంచిదే. లాగ్‌బుక్కులో కొట్టివేత ఉంటే ఒక్క గీతతో కొట్టి పక్కన సంతకం పెట్టు, తెల్లసిరా పూయకు. అనుమానాన్ని కూడా రాయి. ‘కారణం తెలియలేదు, రేపు శాంపిల్ లైను చూడాలి’ అని రాయడం చేతకానితనం కాదు. నీ తరువాత షిఫ్టువాడికి అది దారి చూపిస్తుంది.

ఇది తుపానుల నెల. 1996 నవంబరు తుపాను మన యానాంను ఏం చేసిందో మీ అమ్మనడుగు, చెప్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అంకెలు అటూఇటూ అయితే వెంటనే కాలిబ్రేషన్ నొక్కకు. ఓవెన్ వేడి కుదురుకుని, బేస్‌లైను తిన్నగా అయ్యేదాకా కొన్ని గంటలు ఆగు. ఆ ఓపిక లేక నొక్కిన బటనుతోనే మంచి ఫాక్టర్లు పాడవుతాయి.

సంక్రాంతికి యానాం వస్తున్నాం. ఈలోగా నీ మిషను మోడలు, కాలమ్‌ల వరస, సర్దకముందు మొత్తం రోజూ ఎంత వస్తోందో ఒక కాగితం మీద రాసి ఉంచు, కూర్చుని మాట్లాడుకుందాం. అక్కడ నీకంటే ముందునుంచి పనిచేస్తున్న టెక్నీషియన్లు ఉంటారు, డిగ్రీలు లేకపోయినా ఆ లైను ఏ మూల ఏం చేస్తుందో వాళ్ళకు తెలుసు. వాళ్ళను అన్నా అని పిలిచి అడుగు, సిగ్గుపడకు. రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో వేళకు తిను, మీ అమ్మను కంగారు పెట్టకు.

గ్యాసు మారితే మారిందని చెప్పు, మారకపోతే మారలేదని చెప్పు, తెలియకపోతే తెలియలేదని రాసి వెతుకు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇద్దరూ నీ రిపోర్టు చూసి, ఆ అమ్మాయి పెట్టిన అంకె కదా, ఫరవాలేదు అనుకునే రోజు రావాలి. వస్తుందని నాకు నమ్మకం.

మీ అత్తయ్య దీవెనలు కూడా.

ఇట్లు,
మీ మావయ్య